సర్కారు కాలు

ఆ ఏడాది ముళ్ళకుంటలో నీళ్ళున్న బావి ఒక్కటే మిగిలింది. అది కుళ్ళాయప్పది. తగలబడిన వాములేమో తిప్పన్నవి. ఈ రెండు ముక్కలూ చెబితే మా పక్క మనిషికి మిగతాది చెప్పక్కర్లేదు, తనే అల్లుకుంటాడు. అయినా చెప్తాను. ఎందుకంటే ఆ రోజు కాలు పోగొట్టుకున్నవాడు కుళ్ళాయప్పా కాదు, తిప్పన్నా కాదు.

వాడు మద్దిలేటి, తిప్పన్నకు తోడబుట్టిన తమ్ముడు. ఊళ్ళో పగలు చూసి చూసి విసుగెత్తి, "కొడవలి పట్టుకోని సచ్చేదానికంటే ఇంకేదన్నా పట్టుకోని బతుకుతా" అని పద్దెనిమిదేళ్ళకే అనంతపురం పోయాడు. ఆ పనీ ఈ పనీ చేసి చివరకు ఫైరింజన్ స్టేషన్లో చేరాడు. పందొమ్మిది వందల అరవై ఒకటి నాటికి పదేళ్ళ సర్వీసు. స్టేషన్ వెనక లైన్లో ఒంటిగది ఇల్లు, ఇద్దరాడపిల్లలు, పెళ్ళాం హనుమక్క. హనుమక్క చెయ్యి బంగారం, నోరు నిప్పు. నిప్పులార్పేవానికి నిప్పునే కట్టబెట్టారని స్టేషన్లో వాళ్ళు ఎగతాళి చేసేవాళ్ళు. ఆమె కూడా నవ్వేది.

ఆ కార్తీకంలో హనుమక్క పిల్లల్ని పక్కింట్లో వదిలి, బావ తిప్పన్న చేలో చెనిక్కాయ, అదే వేరుశెనగ, పీకడానికి ముళ్ళకుంట వచ్చింది. ఊరు అప్పటికే ఉడుకుతోంది. ఆరు నెలల కిందట గట్టు తగాదాలో తిప్పన్న కుళ్ళాయప్ప కుడికాలు మోకాలి కింద తెగనరికాడు. కోర్టులో కేసు నడుస్తోంది, నడవనీ, కోర్టుతో ఎవరికి పని? కాలుకు కాలు ఎప్పుడు తీస్తారా అని ఊరంతా ఎదురుచూస్తోంది. తిప్పన్న చెంబు పట్టుకుని చేలోకి పోవాలన్నా నలుగురు కట్టెలు పట్టుకుని వెంట నడిచేవాళ్ళు.

నాలుగో రోజు మిట్టమధ్యాహ్నం తిప్పన్న కళ్ళంలో గొడ్ల మేతకు వేసిన చెనిక్కాయ కట్టె వాములు నాలుగూ ఒకేసారి అంటుకున్నాయి. నాలుగు వాములు వాటంతట అవే ఒక్కసారి అంటుకోవు కదా! ఎవరు అంటించారో అందరికీ తెలుసు, ఎవరూ అనలేదు. ఎవడో సైకిలెక్కి గార్లదిన్నెకు పోయి ఫోన్ చేయించాడు. ఇంజన్ వచ్చేసరికి గంట దాటింది. రెండు వాములు బూడిదయ్యాయి, గాలి తిరిగి నిప్పురవ్వలు వీధిలో బోదగడ్డి కప్పిన కొట్టాల మీద రాలుతున్నాయి. అందులో ఒక కొట్టంలో మంచాన పడిన ముసలిది మారెమ్మ ఉంది. లోపల్నుంచి దాని అరుపులు వినబడుతున్నాయి.

ఇంజన్ మీద నుంచి దూకినవాళ్ళ మొహాలు టోపీల కింద ఎవరివో తెలియలేదు. అయితే అందులో ఒకడి నడక హనుమక్కకు తెలుసు. "ఓయమ్మో, నా మొగుడే!" అని ఆమె గుండె ఒక్కసారి పొంగింది. పదేళ్ళ కాపురంలో వాడు పని చేస్తుండగా చూడటం అదే మొదటిసారి. మంట కట్టుకున్న పెళ్ళామైనట్టు దాని ముందుకు జంకకుండా నడిచిపోయాడు. ఇంజన్లో తెచ్చుకున్న నీళ్ళు అయిదు నిమిషాలకు అయిపోయాయి. డ్రైవరు అటూ ఇటూ చూసి, కనబడ్డ బావిలోకి లావుపాటి గొట్టం దింపించాడు. అది కుళ్ళాయప్ప బావి.

కుళ్ళాయప్ప అరుగు మీద ఒంటికాలితో కూర్చుని చూస్తున్నాడు. మిషను గుర్రుమని తిరగగానే వాడి పీకలోంచి ఒక అరుపు వచ్చింది.

"నా బాయినీళ్ళు పోసి నా కాలు నరికినోని వామి ఆర్పతారేందిరా! గొడ్లకు గుక్కెడు లేవు! రేయ్ దాసప్పా, చూస్తాండావేందిరా!"

దాసప్ప కుళ్ళాయప్ప తమ్ముడు. ఎద్దులాంటి మనిషి, అన్న మాట జవదాటడు. వేటకొడవలి తీసుకుని దూకాడు, వాడి వెనక పదిమంది. రాళ్ళు లేచాయి. ఇంజన్ డ్రైవర్ను సీట్లోంచి జుట్టుపట్టి కిందికి లాగి కాళ్ళతో కుమ్మారు. పైపు పట్టుకున్న ఒకడికి రాయి తగిలి నుదురు పగిలింది, కళ్ళలోకి నెత్తురు కారి కూలబడ్డాడు. మిగిలిన ఇద్దరూ అప్పటికే తడిగోనెలు కప్పుకుని మారెమ్మ కొట్టంలోకి దూరారు. వాళ్ళ నెత్తిన పైకప్పు భగ్గున మండుతోంది. ఆ కప్పు మీద నీళ్ళు పోస్తూ నిలబడ్డది మద్దిలేటి ఒక్కడే. నీళ్ళు ఆగితే ముగ్గురూ లోపలే మాడిపోతారు.

దాసప్ప మొదటి వేటుకు గుడ్డపైపు ఒక పక్క చీలి నీళ్ళు ఎగజిమ్మాయి. మద్దిలేటి వెనక్కి తిరిగి చూశాడు. పైపు మూతిని రెండు బండరాళ్ళ మధ్య కొట్టం వైపు ఇరికించి, పరుగెత్తుకొచ్చి చీలిక మీద కాలుపెట్టి అదిమాడు.

"లోపల మనుషులుండారురా! పైపు తెంచొద్దు!" అని అరిచాడు.

దాసప్పకు ఆ హోరులో ఏం వినబడిందో ఏమో. కొడవలి ఎత్తినవాడు ఆపుకోలేడు. రెండో వేటు పైపు మీదికే దించాడు, మధ్యలో మద్దిలేటి ఎడమకాలు ఉంది. పచ్చి తుమ్మ మొద్దు మీద గొడ్డలి పడ్డ చప్పుడయింది. మద్దిలేటి అరవలేదు. అట్లాగే పైపు మీద బోర్లా పడి, చీలికను కడుపుతో అదిమి పట్టుకున్నాడు. నీళ్ళూ నెత్తురూ కలిసి వాడి కింద బురద అవుతున్నాయి. దాసప్ప చేతిలో కొడవలి జారిపోయింది. ఆ జారిన కొడవలిని చూస్తూ అట్లాగే నిలబడ్డాడు. కొట్టంలోంచి ముసలిదాన్ని గోనెలో చుట్టి బయటికి తెచ్చేదాకా మద్దిలేటి పైపు వదల్లేదు. తర్వాత తెలివి తప్పింది.

హనుమక్క పదడుగుల దూరంలో నిలబడి ఇదంతా చూసింది. ఆమె చూసినట్టు మరెవరూ చూడలేదు.

పెద్దాసుపత్రిలో కాలు మోకాలి కింద తీసేశారు. మద్దిలేటి జ్వరంలో పలవరిస్తూ పడి ఉండగానే, ఎనిమిదో రోజున ముళ్ళకుంట చావిట్లో రాజీ కూర్చుంది. మనిషి బతికుంటాడో చస్తాడో తెలియక ముందే రాజీ! మా పక్క అంతే. నెత్తురు ఆరకముందే లెక్క తేల్చుకోవాలి, ఆరితే మళ్ళీ కొడవళ్ళు లేస్తాయి.

ఆ ఊరి రాజీకి ఒక పద్ధతి ఉంది. చావిట్లో నల్ల కంబళి పరుస్తారు. ఈ పక్క వాళ్ళకు తగిలిన దెబ్బలకు ఈ అంచున, ఆ పక్క వాళ్ళ దెబ్బలకు ఆ అంచున రాళ్ళు పెడతారు. తల పగిలితే చిన్నరాయి, కాలో చెయ్యో పోతే పిడికిలంత రాయి. కరణం గురుమూర్తి ఇటు ఒక రాయి, అటు దానికి సరిజోడు రాయి ఎత్తి బయట పారేస్తాడు. పారేసిన రాయి గురించి ఆ తర్వాత ఎవరూ నోరెత్తకూడదు. కోర్టులోనూ నోరెత్తరు, సాక్షులు ఎదురు తిరుగుతారు, కేసులు పోతాయి. జోడు దొరకని రాయి మిగిలిందా, అది మనిషి ఒంటి మీద తీరాల్సిందే.

హనుమక్క ఆసుపత్రి నుంచి నేరుగా అక్కడికి వచ్చింది. వారం రోజులుగా నిద్రలేదు. చీర మీద మొగుడి నెత్తురు ఇంకా ఎండి ఉంది. కుళ్ళాయప్ప వైపు అంచున వాడి కుడికాలి రాయి ఉంది. తిప్పన్న వైపు దానికి జోడుగా మద్దిలేటి రాయి పెట్టబోతే కుళ్ళాయప్ప కర్ర నేలకేసి కొట్టాడు.

"ఆ రాయి తియ్యండప్పా. వాడు ఊరి మనిషి కాదు, సర్కారు మనిషి. నా తమ్ముడు నరికింది పైపును, పగతో నరకలా. వాడెవుడో ఆ మసిలో ఎవురికి తెలుసు? సర్కారు కాలు మాకేమిటికి? నా కాలుకు తిప్పన్న కాలే జోడు."

పగవాడు చెప్పిందే నిజం! అక్షరం పొల్లుపోని నిజం! కానీ హనుమక్క చెవికి అదెట్లా వినబడింది? నీ మొగుడు లెక్కలోకి రాని మనిషి అన్నట్టు వినబడింది. ఆ ఊళ్ళో రాయి పెట్టనిది కుక్కకు తగిలిన దెబ్బకే. ఆమెకు ఒళ్ళు మండిపోయింది.

"ఏమప్పా, నా మొగుడు కుక్కనా?" అని చావిట్లోకి దూసుకొచ్చింది. "ఈ ఊరి మట్టిలో పుట్టినోడు కాదా? తిప్పన్నకు తోడబుట్టినోడు కాదా? వాని కాలు కాలు కాదా? రాయి పెట్టాల్సిందే! పెట్టకుంటే ఈడనే నా తల పగలగొట్టుకోని ఇంకో రాయి పెట్టిస్తా!"

ఆడమనిషి అంత మాటన్నాక పెద్దలు తలలు ఊపారు. తమ్ముడి కాలూ అన్న కాలూ ఒకటే వంశపు కాలు అన్నాడు గురుమూర్తి. రెండు పెద్దరాళ్ళూ ఒక్కసారే ఎత్తి బయటికి విసిరాడు. తిప్పన్న చిన్నపిల్లవాడిలా ఏడ్చి, మరదలి ముందు రెండు చేతులూ జోడించాడు. పోలీసులకు ఇవ్వడానికి కరణం కాగితం రాశాడు. పాత పగ మూలంగా తిప్పన్న తమ్ముడని తెలిసే దాసప్ప మద్దిలేటి కాలు నరికాడనీ, ఇప్పుడు ఇరుపక్షాలకూ ఒప్పుదలైందనీ. మద్దిలేటి తరఫున హనుమక్క వేలిముద్ర వేసింది. మొగుడి పరువు నిలబెట్టానని తృప్తిగా ఆసుపత్రికి తిరిగిపోయింది.

నెల గడిచింది. మద్దిలేటిని ఇంటికి తెచ్చారు గానీ తీసేసిన కాలి మొండి మానలేదు, చీము పట్టింది. కట్టు విప్పితే గదిలో నిలబడలేకపోయేవాళ్ళు. ఒకరోజు స్టేషన్ ఆఫీసరు వచ్చి గడపలో కూర్చున్నాడు. మంచి మనిషి, తల వంచుకునే మాట్లాడాడు.

డ్యూటీలో గాయమని తేలితే మద్దిలేటికి బతికినంత కాలం పింఛను వస్తుంది, వాడి తర్వాత హనుమక్కకు వస్తుంది. మొండికి వైద్యం సర్కారుదే, మద్రాసులో కట్టెకాలు చేయిస్తారు. డ్యూటీ కాదు, సొంత పగ అని తేలితే ఏమీ లేదు. ఉద్యోగమూ లేదు, ఈ గదీ లేదు.

"పైనుంచి విచారణకు వస్తాన్నారమ్మా," అన్నాడు. "మావోళ్ళెవరూ కొడవలి పడింది కళ్ళారా చూడలేదు. ఒకడు తెలివితప్పినాడు, ఇద్దరు లోపలుండారు, డ్రైవరును తొక్కతాండారు. ఊళ్ళో వాళ్ళు రాసిన కాగితం ఒకటి పోలీసు స్టేషన్లో ఉండాది. దాంట్లో సొంత పగ అని ఉండాదంట. నీ వేలిముద్ర ఉండాదంట. నిజమేనా?"

హనుమక్క తన బొటనవేలు చూసుకుని తలూపింది.

ఆఫీసరు పోగానే మద్దిలేటి చంకకర్ర విసిరాడు. అది ఆమె భుజానికి తగిలి గోడకు కొట్టుకుంది. "నీ నోరు కాల్చ! నా కాలు నువ్వెట్ల ఇచ్చినావే! అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్ల!" అని అరిచాడు. ఆమె భుజం పట్టుకుని నేల మీద కూర్చుంది. ఏడవలేదు. తనదే తప్పు, ఏడిచే హక్కు ఎక్కడిది?

"పొయ్యి చెప్తాను," అంది. "అది అబద్ధమని చెప్తాను. నేను చూసినా కదా."

"చెప్తే?" మద్దిలేటి గొంతు తగ్గింది. "పారేసిన రాయి మళ్ళా కంబళి మీదికొస్తాది. కుళ్ళాయప్ప కాలుకు జోడుండదు. మా అన్న కాలు తీస్తారు. వద్దు మే. అన్న కాలు అమ్ముకోని నేను కూడు తినను."

కానీ మొండిలో చీము ఆగలేదు. ఆసుపత్రిలో, ఇంకా పైకి కొయ్యాలి, ఆలస్యమైతే మనిషే దక్కడు అన్నారు, ఆ ఖర్చుకు ఇంట్లో పైసా లేదు. సంక్రాంతి కల్లా గది ఖాళీ చేయమని చీటీ వచ్చింది. చిన్నపిల్ల సంగటి ముద్దలో సగం దాచిపెట్టి "రేపటికి" అనడం నేర్చుకుంది. ఎద్దు పుండు కాకికి నొప్పా అంటారు. ఆ కాకి ముళ్ళకుంటలో సుఖంగా ఉంది, పుండు ఈ గదిలో ఉంది. హనుమక్క కొంగు బిగించి ముళ్ళకుంట పోయింది.

తిప్పన్న వాకిట్లో ఎద్దులకు గడ్డి వేస్తున్నాడు. "బావా, విచారణలో నువ్వే నిజం చెప్పు," అంది. "నీ తమ్ముడు సచ్చిపోతాడు. నేను చెప్పేదానికంటే నువ్వు చెప్పేది మేలు. ముందే యాడికైనా పో, కదిరికో రాయదుర్గానికో. ఊరు విడిసిపో, బతుకుతావు."

"నా భూమి? నా గొడ్లు? నేను దొంగనా పారిపోయేకి?" తిప్పన్న గడ్డిమోపు కిందపడేశాడు. "రాయి పెట్టమనింది నువ్వు. వేలిముద్ర ఏసింది నువ్వు. ఇప్పుడు నా కాలు అడిగేకి వస్తివా?"

వాడి పెళ్ళాం పెద్దక్క లోపల్నుంచి ఊడిపడి హనుమక్క జుట్టు పట్టుకుంది. "నా మొగుని కాలు మీద కన్నేసినావా లంజా!" అని ఈడ్చి పేడలో పడేసింది. హనుమక్క తిరగబడి దాని చెయ్యి కొరికింది. తిప్పన్న వచ్చి మరదలి నడుము మీద కాలితో ఒక్క తన్ను తన్నాడు, మళ్ళీ ఇంకొకటి. తన్నింది ఆ కాలితోనే. ఆమె మూలుగుతూ గార్లదిన్నె దాకా నడిచి బస్సెక్కింది.

విచారణ ముళ్ళకుంట చావిట్లోనే పెట్టారు. జీపు వచ్చింది. పై ఆఫీసరు, గుమస్తా, మన స్టేషన్ ఆఫీసరు దిగారు. మద్దిలేటిని జీపులోంచి మోసుకొచ్చి గోడకు ఆనించి కూర్చోబెట్టారు. ఒక పక్క కుళ్ళాయప్ప, దాసప్ప, వాళ్ళ మనుషులు. ఇంకో పక్క తిప్పన్న, వాళ్ళ మనుషులు. కరణం గురుమూర్తి కాగితం చదివి, పగే అన్నాడు. తిప్పన్న కూడా పగే అన్నాడు. మారెమ్మను అడిగితే, నేను గోనెలో ఉన్నాను నాయనా, నాకేం తెలుసు అంది. చివరకు మద్దిలేటిని అడిగారు.

"మా అన్న మీద పగతోనే నరికినాడు సార్," అన్నాడు మద్దిలేటి. ముఖం జ్వరంతో ఎర్రగా ఉంది. "నాకేమీ రావాల్సింది లేదు సార్."

ఆఫీసరు కలం మూత పెట్టబోతుంటే హనుమక్క లేచింది. లేచేముందు తిప్పన్న కళ్ళలోకి చూసింది, పెద్దక్క కళ్ళలోకి చూసింది. ఏం జరుగుతుందో ఆమెకు తెలుసు. తెలియక చెప్పిందని ఎవరైనా అంటే నమ్మకండి. తెలిసే చెప్పింది.

"అబద్ధం దొరా! అందరూ అబద్ధం చెప్తాండారు, నా మొగునితో సహా! నేను పదడుగుల దూరంలో నిలబడుకోని చూసినా. ఆ దాసప్పకు నా మొగుడు ఎవురో తెలీదు. తోలుటోపీ, మొగమంతా మసి. నరికింది పైపును. లోపల మనుషులుండారు, తెంచొద్దురా అని మొత్తుకుంటా నా మొగుడు కాలు అడ్డం పెట్టినాడు. కాలు పోయినాక గూడా కడుపుతో పైపు పట్టుకోని ఉండాడు. ఆ ముసల్దాని కోసరం! అది సర్కారు పని కాదా దొరా? అది సర్కారు కాలు కాదా?"

"మరి ఈ వేలిముద్ర?"

"నాదే. అబద్ధం మీద ఏసినా. నాకేమన్నా శిక్షుంటే ఎయ్యండి."

ఆఫీసరు దాసప్పను చూశాడు. దాసప్ప తల దించుకున్నాడు. నిజమంటే వాడికి జైలు, సర్కారు మనిషిని నరికినందుకు. అప్పుడు మాట్లాడింది కుళ్ళాయప్ప. మెల్లిగా, నవ్వుతున్నట్టే మాట్లాడాడు.

"ఆ యమ్మ చెప్పేది నిజం దొరా. మేము రాజీలో ఆ పొద్దే చెప్పినాము, సర్కారు కాలు అని. ఒప్పుకోలేదు. ఏమిరా దాసప్పా, చెప్పు. నిజం చెప్పు."

దాసప్ప అన్న వైపు చాలాసేపు చూశాడు. కాలుకు కాలు తీయించుకోడానికి అన్న తనను జైలుకు పంపుతున్నాడని అర్థమయింది వాడికి. "నిజమే," అన్నాడు. "పైపునే కొట్టినా. వాడెవుడో నాకు తెలీదు."

ఆఫీసరు సంతోషంగా రాసుకున్నాడు. చావిట్లో సంతోషపడ్డవాడు ఆయన ఒక్కడే. హనుమక్క జీపు వెంటపడి, "దొరా, ఒక పోలీసునన్నా ఈడ పెట్టిపోండి," అని బతిమాలింది. గార్లదిన్నెలో చెప్పి పంపిస్తామన్నారు, మద్దిలేటిని సాయంత్రం బండిలో తెచ్చుకోమన్నారు. జీపు పోయింది.

"రాయి మళ్ళా వచ్చెనప్పా," అన్నాడు కుళ్ళాయప్ప. గురుమూర్తి కాగితాలు సర్దుకుని ఎవరినీ చూడకుండా లేచి వెళ్ళిపోయాడు.

తిప్పన్న మనుషులు కట్టెలు పట్టుకున్నారు గానీ అవతల పాతికమంది. మొదటి దెబ్బకే ఇద్దరి తలలు పగిలాయి, మిగతావాళ్ళు చెదిరిపోయారు. తిప్పన్న చావిడి మెట్లు దిగి నాలుగడుగులు పరుగెత్తాడు. వెనకనుంచి రాయి తగిలి బోర్లాపడ్డాడు. ఈడ్చుకొచ్చి బండి కాడిమానుకు చేతులు కట్టేశారు. "తమ్ముడా! హనుమక్కా! చెప్పండప్పా వానికి!" అని అరుస్తున్నాడు, మొన్న తన్నిన మనిషినే పిలుస్తున్నాడు. హనుమక్క పరుగెత్తి దాసప్ప చేతికి వేలాడింది. వాడు విదిలిస్తే బండి చక్రానికి తల కొట్టుకుంది. పెద్దక్క కాళ్ళ మీద పడి దొర్లింది. దాసప్ప ఒకసారి కళ్ళు మూసుకుని కొడవలి ఎత్తాడు. మొదటి వేటుకు తెగలేదు. రెండోదానికీ తెగలేదు. మూడోదానికి తెగింది. ఆ అరుపు విన్నవాళ్ళెవరూ తర్వాత చాలా రోజులు అన్నం సరిగ్గా తినలేదు. కుళ్ళాయప్ప చూడటమైపోయాక కర్ర ఊతగా లేచి ఇంటికి నడిచాడు.

నెత్తురు చిమ్ముతోంది. అందరూ దూరంగా నిలబడ్డారు. అప్పుడు గోడకు ఆనించి కూర్చున్న మద్దిలేటి కదిలాడు. చంకకర్ర అందలేదు. మెట్ల మీద నుంచి దొర్లి, మోచేతుల మీద పాకుతూ, చీము కారే మొండిని మట్టిలో ఈడ్చుకుంటూ అన్న దగ్గరికి వచ్చాడు. నడుముకున్న బెల్టు ఊడదీసి తొడకు చుట్టి, ఒక కట్టెపుల్ల దోపి మెలిపెట్టాడు. మెలిపెట్టే కొద్దీ నెత్తురు తగ్గింది. సర్వీసులో ఇరవైసార్లు చేసిన పనే.

"అన్నా, కండ్లు తెరు. నిద్ర పోవద్దు. నన్ను చూడు," అంటూనే ఉన్నాడు. ముఖమంతా కన్నీళ్ళు కారుతున్నాయి. పెళ్ళాం దగ్గరికి వస్తే తలెత్తకుండా, "నువ్వు రావద్దు మే," అన్నాడు. ఆమె ఆగిపోయింది.

బండి మీద ఇద్దరన్నదమ్ముల్నీ పక్కపక్కన పడుకోబెట్టి ఆసుపత్రికి తోలారు. ఇద్దరూ బతికారు. దాసప్ప తనంతట తనే పోలీసు స్టేషన్‌కు పోయి కొడవలి బల్ల మీద పెట్టాడు.

ఉగాది ముందర పింఛను ఆర్డరు వచ్చింది. అప్పటికే మద్దిలేటి మొండిని సర్కారు ఖర్చుతోనే మళ్ళీ కోసి బాగుచేశారు, గది కూడా ఉంచుకోమన్నారు. స్టేషన్ ఆఫీసరు కాగితం చదివి వినిపించి, "ధైర్యం చేసినావమ్మా," అన్నాడు. మద్దిలేటి సంతకం పెట్టాడు. విచారణ నాటి నుంచి పెళ్ళాంతో అవసరమైన మాట తప్ప మాట్లాడలేదు. పిల్లలు కడుపునిండా తింటుంటే చూసి, ఈ మెతుకుల కోసమే కదా అనుకునేది హనుమక్క. వెంటనే ఆ మూడు వేట్లు చెవిలో పడేవి. తప్పు చేశానా అని తనను తానే అడిగేది. చేశాననే తోచేది. మళ్ళీ ఆ రోజొస్తే మళ్ళీ చెప్పేదాన్నే అని కూడా తోచేది. ఈ రెండింటి మధ్యా ఆమెకు నిద్ర పట్టేది కాదు.

ఉగాది పోయిన నాలుగో రోజు పొద్దున, లైన్లో అరువు తెచ్చిన ఎడ్లబండి ఒకటి వచ్చి ఆగింది. తోలుకొచ్చింది పెద్దక్క. బండిలో గడ్డి మీద తిప్పన్న పడుకుని ఉన్నాడు, సగానికి సగమై పోయాడు, ముఖం అవతలికి తిప్పుకున్నాడు. లైన్లో ఆడవాళ్ళందరూ వాకిళ్ళలోకి వచ్చారు. పెద్దక్క బండి దిగి మొగుడి చంకలో చెయ్యి వేసి గడప దాకా ఈడ్చుకొచ్చి కూర్చోబెట్టింది. హనుమక్క చేటలో రాగులు అట్లాగే పట్టుకుని నిలబడిపోయింది.

"గొడ్లు అమ్మినాము, మందులకు. చేను బీడు పడింది, దున్నేవాడు లేడు," అంది పెద్దక్క. గొంతులో కోపం కూడా మిగల్లేదు. "నీ మొగుని కాలు సర్కారుదని సావిట్లో గట్టిగా చెప్పినావు. సర్కారు ఒప్పుకొనె, కూడు పెడతాంది. మంచిదే. ఇదో, ఇంకో కాలు పోయుండాది. ఇది ఎవురిది? ఎవురు కూడు పెట్టాల? నువ్వే చెప్పల్ల హనుమక్కా."

లోపల్నుంచి మద్దిలేటి చంకకర్ర చప్పుడు గడప దాకా వచ్చి ఆగింది. వాడు అన్నను చూశాడు. తర్వాత, మూడు నెలల తర్వాత మొదటిసారి, పెళ్ళాం ముఖంలోకి చూశాడు. ఆమె ఏమంటుందో అని చూశాడు.

హనుమక్క చేట కింద పెట్టింది.

"నాదే అక్కా," అంది. వచ్చి తిప్పన్న రెండో రెక్క పట్టుకుంది. "లెయ్యి బావా. లోపలికి పోదాము."